రెండో చరణం తర్వాత

ఆ పాట ఎవరిదంటే నేను చెప్పలేను గాని
అందులో తలుపు చప్పుడు మాత్రం నాది.

యాభై ఏడు, ఆగస్టు.
ఆర్కన్సాలో మా దాణా కొట్టు వెనక గది.
కిటికీలకు గుర్రపు కంబళ్లు మేకులతో బిగించి
లోపల నలుగురు మగవాళ్లు ఉడికిపోతున్నారు.
మా నాన్న లోమన్ టాకెట్,
గొంతులో సగం చర్చి, సగం సంత.
డ్రమ్ములతను రాలేదు, అతని ఆవు ఈనుతోందట.
హోబర్ట్ బాబాయి
కోడిపిల్లలొచ్చిన అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని
బట్టల బ్రష్షుతో తాళం వేశాడు.

పాటలో పెద్ద సంగతేమీ లేదు.
ఒకడి బండిలో పడూకా దాకా పెట్రోలుంది,
తిరిగి రావడానికి లేదు.
అంతే.
మాటలు అమ్మ రాసింది, పద్దుల పుస్తకం చివర,
రావలసిన బాకీల కింద.

స్టీల్ గిటార్ ఏడవబోయి
ఊపిరి తీసుకునే చోట, రెండో చరణం తర్వాత,
దోమతెర తలుపు తోసుకుని నేనొచ్చాను.
కత్తెర కావాలి.
కుక్క చెవిలో పల్లేరు ఇరుక్కుంది.
వెనకాల స్ప్రింగు తలుపును లాగి కొట్టింది:
ఠప్.

నాన్న ఆపలేదు. ఉన్నది ఒకటే టేపు.
కళ్లతోనే నన్ను గోడకు అతికించి
మూడో చరణం ఎత్తుకున్నాడు.
వినండి, అక్కడ గొంతు కాస్త గరుకవుతుంది.
విరహం అంటారు తెలిసినవాళ్లు.
కాదు, నా మీద కోపం.

మూడు వందల రికార్డులు వేయించాడు.
కొన్ని అమ్ముడుపోయాయి.
కొన్ని జొన్న బస్తా కొన్నవాళ్లకు కొసరుగా ఇచ్చాం.
ఒకటి కోళ్ల గూటి తలుపుకు బరువై
రెండేళ్లు వేలాడింది.

ఇంకొకటి ఎలాగో సముద్రం దాటింది,
ఏ సరంగు సంచిలోనో.
ఇంగ్లండులో హల్ అనే రేవు.
చేపల వాసన వదలని చేతులతో నలుగురు కుర్రాళ్లు
దాన్ని అరిగేదాకా తిప్పి, గీతగీతా కంఠతా పట్టి
అరవై నాలుగులో మళ్లీ పాడారు.
నడక పెంచారు.
స్టీల్ గిటార్ తీసేసి మౌతార్గన్ పెట్టారు.
పడూకా ఒక ఊరని వాళ్లకేం తెలుసు?
పిల్ల పేరనుకున్నారు.
పడూకా, పడూకా అని బతిమాలారు
ఆమె కిటికీ కింద వానలో నిలబడ్డట్టు.

నాన్న దాన్ని బట్టలుతికే దుకాణంలో విన్నాడు,
గోడమీది రేడియోలో.
చేతుల్లో తడి దుప్పటి.
బూట్ల మీద నీళ్లు కారుతున్నా కదల్లేదు.
నేను పక్కనే ఉన్నాను, పద్నాలుగేళ్లదాన్ని,
నాన్నతో కనిపించడం నామోషీ అయిన వయసు.
రెండో చరణం అయింది.
డ్రమ్ము అంచు మీద ఒక్క దెబ్బ:
ఠప్.
తాళానికి వెంట్రుకవాసి ముందు.
సరిగ్గా నేనొచ్చిన చోట.

నెవిల్ ఓల్డ్‌రాయిడ్. పేరు తర్వాత అట్ట మీద చదివాను.
అది తలుపని అతనికి తెలియదు.
కుక్క తెలియదు, పల్లేరు తెలియదు,
గోడకు అతుక్కున్న ఏడేళ్ల పిల్ల తెలియదు.
గురువు చెప్పిన పాఠంలా
ఒక పొరపాటును
పొల్లు పోకుండా ఒప్పజెప్పాడు.

డబ్బా? ఆ పాట హక్కుల్ని నాన్న అప్పటికే
ఒక పాత పికప్ బండికి మార్చేశాడు.
ఆ బండి పడూకా దాకా ఎన్నడూ పోలేదు.

తర్వాత సంతల్లో ఎవరైనా అడిగితే
నాన్న కూడా వాళ్లలాగే పాడేవాడు,
పడూకా అని, కళ్లు మూసుకుని.
పక్కనుంచి అమ్మ గొణిగేది:
అది ఊరు, లోమన్.
రెండో చరణం కాగానే ఒక్క క్షణం ఆగి
జనంలో నాకోసం వెతికేవాడు.
నేను నిమ్మరసం గ్లాసులోకి చూస్తూ కూర్చునేదాన్ని.

ఇప్పుడు మందుల షాపులో, పెట్రోలు బంకులో
హల్ కుర్రాళ్ల పాటే వస్తుంది.
మావాళ్లది ఎక్కడా రాదు.
అయినా ఆ చోటు దగ్గర పడేసరికి
నా అరచెయ్యి దానంతట అదే చాచుకుంటుంది,
తలుపు తోయడానికి.

కత్తెర ఆ రోజు దొరకనే లేదు.
పల్లేరును పళ్లతో పీకాను.